అక్క కింది పళ్ళు

పళ్ళసెట్లు చేసే ఆ మనిషికి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండేది. క్లినిక్కులో హాజరు పుస్తకం తప్ప దాన్ని ఇంకెవరూ వాడేవారు కాదు. అందరికీ ఆయన ప్రయాణం గారు. "ప్రయాణం గారూ, పై పళ్ళు రేపటికి కావాలట", "ప్రయాణం గారూ, ఈ పేషెంటుకి పన్ను రంగు చూడండి" అని రోజూ పిలిచేవాళ్ళకి ఆ మాటకున్న అర్థం ఎప్పుడో అరిగిపోయింది. తొమ్మిదేళ్ళ కిందట వేరే దేశం నుంచి శాశ్వత నివాస హోదా కార్డు వచ్చిన రోజున, దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూసుకుంటూ ఆయన "ఇంకేముంది, ప్రయాణమే" అన్నాడు. ఆ మాట పేరై కూర్చుంది. మనిషి కూడా కూర్చున్నాడు.

ఈ తొమ్మిదేళ్ళలో క్లినిక్కు వాళ్ళు ఆయనకు మూడుసార్లు వీడ్కోలు ఇచ్చారు. మొదటిసారి అందరూ కళ్ళు తుడుచుకున్నారు, చక్రాల పెట్టె ఒకటి కొనిచ్చారు. రెండోసారి ఎవరూ కళ్ళదాకా వెళ్ళలేదు, అక్కడి టైము పెట్టుకోమని చిన్న గడియారం ఇచ్చారు. మూడోసారి విమానంలో మెడకింద పెట్టుకునే దిండు ఇచ్చి, కేకు కోశారు. రిసెప్షనులో కూర్చునే ఆవిడ ముక్క చేతికందిస్తూ "కనీసం ఇది అరిగేదాకా అయినా తిరిగి రాకండి ప్రయాణం గారూ" అంది. అందరితో పాటు ఆయనా నవ్వాడు. మర్నాడు అందరితో పాటు వచ్చి పనిలో కూర్చున్నాడు.

వెళ్ళలేనివాళ్ళు లోకంలో కోట్లమంది. వెళ్ళినవాళ్ళూ బోలెడంతమంది. వెళ్ళగలిగి ఉండి కూర్చున్నవాడు మాత్రం వేరే జాతి. ఆ జాతి సుఖాలేమిటో ప్రయాణానికి బాగా తెలుసు. క్లినిక్కులో గొడవలైతే ఆయన్ని ఎవరూ ఏ పక్షానికీ పిలవరు, "ఆయనెలాగూ వెళ్ళిపోయే మనిషి" అని వదిలేస్తారు. పళ్ళు తయారుచేసే ప్రయోగశాల పెద్దరికం ఖాళీ అయినప్పుడు అదే మాట అని ఇంకొకరికి ఇచ్చారు. ఆయనకు కోపం రాలేదు, పైగా ఆ ఇంకొకరిని చూస్తే జాలి వేసింది, పాపం ఇక్కడే ఉండిపోయేవాడు కదా అని. ఇంట్లో తన గదిలో గోడకి నిలువునా బీట పడితే పూడ్పించలేదు. మంచం కొనలేదు, మడతమంచం మీదే పడుకునేవాడు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు మునుగుతాడంటారు. ఆయన మునగలేదు. పడవలు కదిలితే కదా.

అయితే ఆ హోదా కూడా ఊరికే ఉండేది కాదు. మూడేళ్ళకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. ఆ మూడేళ్ళలో కనీసం ఆరు నెలలు అక్కడ కాపురం ఉండి ఉండాలి. ఉండలేకపోతే ఎందుకు ఉండలేకపోయామో తగిన కారణం, తగిన సాక్ష్యంతో చూపించాలి. ఆయన ఆ దేశంలో ఇప్పటిదాకా గడిపింది మొత్తం పంతొమ్మిది రోజులు. మిగతా కాలానికంతటికీ కారణం ఒక్కటే. అక్క కింది పళ్ళు.

ఈ అక్క ఆయనకంటే పదిహేనేళ్ళు పెద్దది. ఆస్పత్రిలో వార్డు నర్సుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముణ్ణి పెంచింది. ఆ రెండిటికీ సంబంధం ఉందో లేదో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, ఆయన ఎప్పుడూ అడగలేదు. కార్డు వచ్చిన ఏడాదే ఆవిడ చిగుళ్ళు పాడై పళ్ళన్నీ తీయించుకోవలసి వచ్చింది. "నీ నోట్లో పళ్ళు పెట్టి మరీ విమానం ఎక్కుతానక్కా" అన్నాడాయన. రెండు వారాలు కూర్చుని పైసెట్టూ కిందిసెట్టూ చేశాడు. పైది అతికించినట్టు కుదిరింది. కిందిది కుదరలేదు. సరిచేశాడు, కుదరలేదు. సరే, వెళ్ళి మొహం చూపించి వచ్చాక చూద్దామని విమానం ఎక్కాడు.

అక్కడ ఆయన కోసం ఒక ప్రయోగశాలలో కిటికీ పక్కన బల్ల సిద్ధంగా ఉంచారు. బల్ల మీద చిన్న రేకుముక్క, దాని మీద ఆయన పేరు. హాజరు పుస్తకంలో ఉండే పేరు. ఆ అక్షరాలను చూసి ఆయన కాసేపు నిలబడిపోయాడు. ఆ పేరుగల మనిషి ఎవడో చాలా పనిమంతుడై ఉంటాడనీ, వాడు రేపో మాపో వచ్చి "లేవండి, ఇది నా చోటు" అంటాడనీ అనిపించింది. పంతొమ్మిదో రోజున "మా అక్క కిందిసెట్టు ఒక్కటి సరిచేసి వచ్చేస్తాను" అని అక్కడి పెద్దకు చెప్పి తిరుగుముఖం పట్టాడు. అది అబద్ధం కాదు. ఆ తర్వాతా ఎప్పుడూ అబద్ధం కాలేదు, అదే అందులోని బలం.

మొదటి పునరుద్ధరణప్పుడు అక్క సలహా ఇచ్చింది. "గుండె అని రాయించరా, గుండెకి తిరుగులేదు" అని. కాని వాళ్ళకి చేతిలో ఉన్న డాక్టరు పళ్ళ డాక్టరు. క్లినిక్కు నడిపే డాక్టరమ్మ మెడ కిందికి ఒక్క అంగుళం కూడా సంతకం పెట్టనంది. "దవడ వరకైతే రాస్తాను, అదీ ఉన్నదున్నట్టు" అంది. ఉన్నదున్నట్టే రాసింది: దవడ గట్టు బాగా అరిగిపోయినందున కింది పలువరుస నిలవడం లేదనీ, తరచూ సవరించవలసి వస్తోందనీ, ఆ పని ప్రస్తుతం పేషెంటు తమ్ముడే చేస్తున్నాడనీ. దానికి ఆయన రెండు పేజీల ఉత్తరం జతచేశాడు. నన్ను పెంచిన చెయ్యి అన్నం నమలలేక అవస్థ పడుతుంటే, అని మొదలవుతుంది అది. చెయ్యి అన్నం నమలడమేమిటని అక్క నవ్వింది గాని అక్కడి అధికారి నవ్వలేదు. పునరుద్ధరించాడు. మూడేళ్ళ తర్వాత మళ్ళీ పునరుద్ధరించాడు.

ఆదివారం పొద్దున్నే వాళ్ళింట్లో ఒక కార్యక్రమం ఉండేది. అక్క కిందిసెట్టు తీసి స్టీలుగిన్నెలో వేసేది. ఆయన వంటగది కిటికీ దగ్గర ముక్కాలిపీట వేసుకుని, అక్క నోరు తెరిపించి చిగురు మీద ఎర్రబడ్డ చోటు చూసి, సెట్టులో సరిగ్గా అక్కడ చిన్న మరతో అరగదీసేవాడు. గులాబీరంగు పొడి ఒళ్ళో పడేది. సెట్టు కడిగి ఇచ్చి "ఇప్పుడెలా ఉందక్కా?" అనేవాడు. ఆవిడ దవడ అటూ ఇటూ తిప్పి "పర్లేదురా" అనేది. మళ్ళీ ఆదివారానికి ఇంకోచోట ఎర్రబడేది. అరిగీ అరిగీ సెట్టు పలచబడితే కొత్తది చేసేవాడు. అలా తొమ్మిదేళ్ళలో మూడు కిందిసెట్లు చేశాడు. ఊళ్ళో ఆయన చేసిన పళ్ళతో చెరుకు నమిలేవాళ్ళున్నారు. అక్క మాత్రం ఏదో అడగబోయి మధ్యలో ఆగి, వేలితో కింది పళ్ళు నొక్కిపెట్టుకుని, ఆ సందులో అడగదలచుకున్నది మర్చిపోయేది.

మూడో పునరుద్ధరణకి గడువు ఇరవై రోజులుందనగా ఆయన డాక్టరమ్మను కొత్త ధ్రువపత్రం అడిగాడు.

"ఏం రాయమంటారు?" అంది ఆవిడ, చేతితొడుగులు విప్పుకుంటూ.

"ఎప్పుడూ రాసేదే మేడం."

డాక్టరమ్మ ఆయన వంక కాస్త ఎక్కువసేపు చూసింది. "నేను చూడందే రాయను. గురువారం నాలుగింటికి సిస్టరుగారిని రమ్మనండి."

గురువారం నాలుగు కావచ్చినా అక్క రాలేదు. బస్సు ఆలస్యమైందేమో చూద్దామని ఆయన వీధిలోకి వచ్చాడు. ఎదురుగా రోడ్డుకి ఆ పక్కన బస్టాపు బల్ల మీద అక్క కూర్చుని ఉంది. పక్కన ఆవిడతో పాటు రిటైరైన పొడుగు నర్సు. ఇద్దరూ కాల్చిన మొక్కజొన్న కంకులు తింటున్నారు.

మామూలు మనిషికి అందులో చూడవలసిందేమీ లేదు. పళ్ళసెట్లు చేసేవాడికి అది పిడుగు. కట్టుడుపళ్ళు పెట్టుకున్నవాళ్ళు మొక్కజొన్న గింజలు వలిచి నోట్లో వేసుకుంటారు. ముందుపళ్ళతో కంకిని కొరికితే కిందిసెట్టు వెనక నుంచి ఎగిరి పడుతుంది. అక్క కొరుకుతోంది. వేణువు వాయించేవాళ్ళలా కంకిని రెండు చేతులా పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వరసగా కొరుక్కుంటూ వెళ్తోంది. నడుమ పొడుగు నర్సుకి ఏదో చెబుతోంది, ఒక్కచోట ఆగకుండా, వేలు నోటి దగ్గరికి పోకుండా. చెప్పి చెప్పి పకపకా నవ్వింది. ఆ నవ్వులో కింది వరస కనిపించింది. రోడ్డుకి ఇవతల నుంచే ఆయన గుర్తుపట్టాడు. అవి తన పళ్ళు కావు. రాతగాడు తన దస్తూరీని ఎంత దూరం నుంచైనా పోల్చుకుంటాడు.

రోడ్డు దాటి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. పొడుగు నర్సు ముందు చూసింది. "నేను వచ్చే బస్సు ఎక్కుతానే" అని కంకితో సహా లేచి బల్ల చివరికి జరిగింది.

అక్క నోట్లో ఉన్నది నింపాదిగా నమిలి మింగింది. "లోపలికి వచ్చేముందు మార్చుకుందామనుకున్నారా" అని చేతిసంచీ తెరిచింది. రుమాల్లో చుట్టి ఆయన చేసిన మూడో కిందిసెట్టు ఉంది. "మాటల్లో పడి మర్చిపోయా."

"ఎవరు చేశారు?"

"మీ ప్రయోగశాలలో కొత్తమ్మాయి. కొలత డాక్టరమ్మే తీసింది."

"ఎప్పుడు?"

"నాలుగు నెలలైంది."

"మరి ఆదివారాలు?"

"నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు నీదే పెట్టుకుంటానుగా" అంది అక్క. "శనివారం రాత్రి తీయకుండా పడుకుంటే పొద్దుటికి ఎక్కడో ఒకచోట ఎర్రబడుతుంది. నువ్వు అరగదీస్తావు. నీకు అదొక తృప్తి. నీ మనసెందుకు కష్టపెట్టడమని."

ఆయనకి వచ్చిన మాట కూడా వృత్తి మాటే. "నీ దవడ గట్టు అరిగిపోయిందక్కా. దాని మీద ఎవరు చేసినా నిలవదు."

"ఏమోరా. ఆ పిల్ల చేసింది కూడా నా దవడకే మరి, పొడుగుదాని దవడకి కాదు." బల్ల చివర నుంచి పొడుగు నర్సు దగ్గింది. అక్క గొంతు తగ్గించింది. "అయినా ఇప్పుడేమైందిరా? ఇది తీసి అది పెట్టుకుంటా. అరగంట ఓర్చుకుంటే నీ కాగితం వస్తుంది. వార్డులో ఇంతకంటే పెద్ద నాటకాలు ఆడాను. ఎన్ని మంచాల దగ్గర 'ఏం కాదు, రేపు ఇంటికి పంపించేస్తారు' అని నవ్వుతూ చెప్పానో."

వద్దనేలోగా మొహం పక్కకి తిప్పుకుని సెట్టు మార్చేసుకుంది. పెట్టుకునేటప్పుడు ఆవిడ కుడికన్ను ఒక్క క్షణం చిట్లించింది. తొమ్మిదేళ్ళుగా ఆదివారం ఆదివారం ఆ నోట్లోకి తొంగిచూస్తున్నవాడు ఆ కంటిని చూడటం అదే మొదటిసారి. ఆయన ఎప్పుడూ చిగుళ్ళనే చూశాడు.

"తీసెయ్" అన్నాడు. "నాకివ్వు దాన్ని."

"డాక్టరమ్మ ఎదురుచూస్తుందిరా."

"చూడనీ."

డాక్టరమ్మ నిజంగానే ఎదురుచూస్తోంది. ఆయన ఒక్కడే లోపలికి రావడం చూసి విషయం గ్రహించింది. "మీకు ఎలా చెప్పాలో తెలియక గురువారం పెట్టానండీ" అంది. "పాత సెట్టుతో వస్తే పాతదాని గురించి రాస్తాను, కొత్తదానితో వస్తే కొత్తదాని గురించి రాస్తాను. నోరు ఆవిడది, ఉత్తరం మీది, సంతకం ఒక్కటే నాది." రిసెప్షను ఆవిడ కంప్యూటరు వెనక తల దాచుకుంది. అంటే ఈవిడకీ తెలుసు. ఊరంతా వంటింట్లోకి తొంగిచూసి పోయాక ఇంటాయనకి పొగ కనిపించినట్టయింది ఆయన పని.

ప్రయోగశాలలో కొత్తమ్మాయి అచ్చులు పోసే సున్నపుతొట్టి పక్కన, ట్యూబులైటు కింద పని చేసుకుంటోంది. ఆమె కొత్తగా వచ్చి ఆరేళ్ళయింది. ప్రయాణం గారు వెళ్ళగానే కిటికీ పక్క బల్ల ఆమెదని చెప్పి తీసుకున్నారు. పన్ను రంగు కలపడానికి పగటి వెలుతురు కావాలి, ఆ వెలుతురు గదిలో ఆ ఒక్క బల్ల మీదే పడుతుంది. ఆమెకి పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఆ కూతురికి పాలపళ్ళన్నీ వచ్చి, ముందుది ఒకటి కదలడం కూడా మొదలైంది. తల్లి ఇంకా కొత్తమ్మాయే. రంగు చూడాల్సి వచ్చినప్పుడల్లా పన్ను పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిచి వెళ్ళి వస్తుంది.

ఆయన తన సొరుగులోంచి అక్క పాతసెట్లు రెండూ తీశాడు. చేతిలోదాన్ని వాటి పక్కన పెట్టాడు. మూడింటినీ అక్క దవడ అచ్చు మీద ఒక్కొక్కటే కూర్చోబెట్టి, పైనుంచి ఒంటికన్నుతో చూశాడు. పనిలో చేరిన మొదటివారం నేర్పే పాఠం అది: కింది దంతాలు దవడగట్టు నడినెత్తిన నిలబడాలి. లోపలికి జరిగితే నాలుకకి చోటు చాలదు, మాట్లాడినప్పుడల్లా నాలుక సెట్టుని పైకి లేపుతుంది. ఈ మూడింటిలోనూ వెనకపళ్ళు లోపలికి జరిగి ఉన్నాయి. మూడింటిలోనూ ఒకే వైపు, ఒకే మేర, బియ్యపుగింజంత. పొరపాటైతే ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతుంది. ఇంత నిలకడగా పోదు. తొమ్మిదేళ్ళుగా ఆదివారాలు ఆయన పుండు పడ్డ చోటే అరగదీశాడు గాని, పుండు పెట్టే పళ్ళని ముట్టుకోలేదు.

తాను కావాలని చేశాడా? లేదు. అది ప్రమాణం చేసి చెప్పగలడు. మరి తెలియక చేశాడా? అదీ చెప్పలేడు. తనకి తెలియకుండా తన వేళ్ళకి తెలుసు. మెత్తని మైనంలో పన్ను గుచ్చేటప్పుడు ఆ వేళ్ళు ఎవరితో సంప్రదించి అంత కచ్చితంగా లోపలికి నెట్టాయో ఆలోచిస్తే ఆయనకి తన చేతులంటే భయం వేసింది. ఆ వెంటనే, సిగ్గుపడవలసిన చోట, కాస్త గర్వం కూడా వేసింది. ఎంత నాజూకు పని!

"నువ్వు చూశావా ఇది?" అన్నాడు తల ఎత్తకుండా.

కొత్తమ్మాయి చేతిలో పని ఆపింది. "చూశాను మాస్టారూ."

"ఎప్పుడు?"

"వచ్చిన కొత్తల్లో."

"మరి చెప్పొద్దూ!"

"చెబుదామనుకున్నా. మీరు వెళ్ళిపోతున్నారు కదా, ఎందుకులే అని ఊరుకున్నా" అంది ఆమె. అందులో వెటకారం ఉందేమోనని ఆయన వెతికాడు. లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఫారం నింపడానికి ఇక రెండు వారాల గడువుంది. "ఈ వ్యవధిలో రాలేకపోవుటకు కారణము" అన్నచోట ఎనిమిది ఖాళీ గీతలున్నాయి. ఆయన రోజూ సాయంత్రం వంటగది బల్ల దగ్గర కూర్చుని కారణాలను వరసగా పిలిచి చూశాడు. ఇష్టం లేక, అని రాద్దామంటే, ఇష్టం లేనివాడు మూడుసార్లు కేకు కోయించుకోడు. భయం వల్ల, అని రాద్దామంటే, దేనికి భయమని అడుగుతారు. రేకుముక్క మీదున్న నా పేరుకి, అని రాస్తే పళ్ళ డాక్టరు ధ్రువపత్రం సరిపోదు. అక్క బంగాళదుంపలు చెక్కు తీస్తూ "ఏరా, కక్కలేక మింగలేక అలా కూర్చుంటే ఎలా? వెళ్ళాలనుందా, లేదా?" అంది. ఎక్కడా ఆగకుండా, వేలు నోటిదాకా పోకుండా, ఒక్క ఊపున అడిగేసింది. తొమ్మిదేళ్ళలో ఆవిడ ఆ ప్రశ్నని పూర్తిగా అడగటం ఆయన ఎప్పుడూ వినలేదు. బియ్యపుగింజంత తేడా విలువ అప్పుడు తెలిసింది.

"తెలియదక్కా" అన్నాడు.

"తెలియదనే రాయి."

ఆయన అంతకంటే తెలివైన పని చేశాననుకున్నాడు. ఎనిమిది గీతల్లో రెండే వాడాడు: "మా అక్క పళ్ళు ఇప్పుడు బాగున్నాయి. నేను రాకపోవడానికి నా దగ్గర ఇక కారణం లేదు." ఏ కాగితమూ జత చేయలేదు. పంపించి వచ్చి హాయిగా నిద్రపోయాడు. నిజం రాసినవాడి నిద్ర అనుకుంది అక్క. కాదు. కారణం లేనివాడి కార్డు లాగేసుకుంటారన్న ధీమా అది. వెళ్ళాలా వద్దా అన్నది ఇక తాను తేల్చక్కర్లేదు, ఎక్కడో ఎవరో బల్ల దగ్గర కూర్చుని తేల్చేస్తారు, తాను నలుగురితో "ఏం చేస్తాం, ఉన్నదున్నట్టు రాసినందుకు పోయింది" అనుకుంటూ శేషజీవితం గౌరవంగా వెళ్ళదీయవచ్చు. గోడకి పడ్డ బీట కొలిపించాడు కూడా.

ఏడు వారాలకి జవాబు వచ్చింది. క్లినిక్కు చిరునామాకి వచ్చింది కాబట్టి రిసెప్షను ఆవిడే విప్పి, మధ్యాహ్నం టీ దగ్గర అందరికీ వినపడేలా చదివింది.

"మీ సోదరిగారు కోలుకున్నందుకు సంతోషం. మీ రాకకు ఉన్న ఒకే ఒక ఆటంకం తొలగిపోయిందని మీ అంతట మీరే నిజాయితీగా తెలియజేశారు. ఇటువంటి దరఖాస్తులు మాకు అరుదు. మీ హోదాను పునరుద్ధరించడమైనది. తొంభై రోజులలోగా మీరు ఇక్కడికి చేరుకోగలరని ఆశిస్తున్నాము. ఈసారి మినహాయింపు వర్తించదు."

డాక్టరమ్మ టీకప్పు దించి "అభినందనలు ప్రయాణం గారూ" అంది. ఆయన మొహం చూసి "అంటే... ప్రయాణం గారే కదా?" అని అనుమానంగా చేర్చింది. కేకు గురించి ఎవరూ ఎత్తలేదు.

ఆయన ప్రయోగశాలకి వెళ్ళి తన బల్ల సొరుగులు ఒక్కొక్కటే ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. మైనపు కత్తులు, బ్రష్షులు, పన్ను రంగుల పట్టీ. అన్నీ తుడిచి సున్నపుతొట్టి పక్కనున్న బల్ల మీదికి చేర్చాడు. "ఈ తొంభై రోజులూ నేను ఇక్కడ కూర్చుంటాను. నువ్వు కిటికీ దగ్గరికి పో" అన్నాడు.

కొత్తమ్మాయి కదల్లేదు. "రాసివ్వండి మాస్టారూ" అంది.

ఆయన కాగితం తీసుకుని రాసిచ్చాడు. కింద సంతకం పెట్టాడు, అసలు పేరుతో. ఆమె ఆ పేరు చదివి, ఎవరిదా అన్నట్టు ఆయన మొహంలోకి చూసి, అప్పుడు లేచింది.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న అక్క పిలవకుండానే వచ్చి ముక్కాలిపీట ఎదురుగా కూర్చుంది. కిందిసెట్టు తీసి స్టీలుగిన్నెలో వేసింది. అది కొత్తమ్మాయి చేసింది.

"ఒరేయ్, ఇటు కుడివైపు గుచ్చుకుంటోందిరా" అంది. పళ్ళు లేకపోవడంతో మాట మెత్తగా వచ్చింది.

"నోరు తెరువు."

కిటికీ వైపు తిప్పి చూశాడు. చిగురు లేతగా, నున్నగా ఉంది. ఎక్కడా ఎర్రబడలేదు. ఎర్రబడటానికి కారణమూ లేదు, ఆ సెట్టులో తప్పు పట్టడానికి ఆయనకే వీల్లేకపోయింది. తల ఎత్తి ఈసారి కళ్ళు చూశాడు. ఆవిడ ఆ కళ్ళను పక్కకి తిప్పుకోలేదు. మంచాల దగ్గర నిలబడి "ఏం కాదు" అని చెప్పిన కళ్ళు. ఆవిడ ఆయనకి ఒక కారణం ఇస్తోంది. తీసుకుంటే రేపే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళవచ్చు. ఇంకో ఉత్తరం రాయవచ్చు, దురదృష్టవశాత్తు వ్యాధి తిరగబెట్టినది అని.

చేతిలోకి మర తీసుకున్నాడు. మీట నొక్కితే గుయ్యిమంది. ఒక చేత్తో సెట్టు, ఇంకో చేత్తో మర పట్టుకుని, రెండింటికీ మధ్య జానెడు దూరం ఉంచి, నిమిషం సేపు ఉత్త గాలిని అరగదీశాడు. ఒళ్ళోకి ఏ పొడీ రాలలేదు. తన వేళ్ళు ఏం చేస్తున్నాయో కన్నార్పకుండా చూస్తూ ఉన్నాడు. మర ఆపి, సెట్టుని నీళ్ళలో కడిగి ఇచ్చాడు.

"ఇప్పుడెలా ఉందక్కా?"

ఆవిడ పెట్టుకుని, దవడ అటూ ఇటూ తిప్పి చూసింది. చాలాసేపు తిప్పింది.

"ఇప్పుడు హాయిగా ఉందిరా" అంది.

ఆయన లేచి తన గదిలోకి వెళ్ళాడు. బీరువా మీదున్న చక్రాల పెట్టెను లాగాడు. కదల్లేదు. బల్ల ఎక్కి రెండు చేతులా దించి, దుమ్ము తుడిచి మూత తెరిచాడు. తొమ్మిదేళ్ళుగా అక్క మడిచి సర్దిన చలికాలపు దుప్పట్లతో పెట్టె కిక్కిరిసి ఉంది. వాటి అడుగున మెడదిండు, అక్కడి టైము చూపిస్తూ ఎప్పుడో ఆగిపోయిన గడియారం.

"అక్కా" అని కేకేశాడు, "ఈ దుప్పట్లు ఎక్కడ పెట్టమంటావ్?"

వంటగదిలోంచి జవాబు తడుముకోకుండా వచ్చింది.

"నీ మంచం ఖాళీ అవుతుందిగా. దాని మీద పెట్టు."